ఉభయచరాలని విడగొట్టి చూడండి

తెలుగు మీడియం సైన్సు పదాలు కష్టం, ఇంగ్లీషే నయం అనే మాట ఈమధ్య చాలామంది నోట వింటున్నా, నేనైతే అస్సలు ఒప్పుకోను. ఆ పదాలు కష్టం కాదండీ, వాటిని విడగొట్టి చూపించేవాళ్ళు లేక పిల్లలు మంత్రంలా బట్టీ పడుతున్నారు, అదీ బాధ.

మా అక్క కూతురు ఏడో క్లాసు. ఉభయచరాలు అంటే కప్పలు అని చెప్పింది, ఎందుకు అంటే తెలీదు. టీవీలో ఉభయ తెలుగు రాష్ట్రాలు అంటారు కదా, ఎన్ని రాష్ట్రాలు అని అడిగా. రెండు అంది. మరి జలచరాలు అంటే? నీళ్ళలో తిరిగేవి. అంతే, నేను ఇంకేం చెప్పక్కర్లేకుండానే "నీళ్ళలో, నేల మీద రెండుచోట్లా తిరిగేవా పిన్నీ!" అనేసింది. మొక్కలు ఆహారం తయారుచేసుకునే కిరణజన్య సంయోగక్రియ కూడా అంతే, కిరణాల వల్ల పుట్టే, కలిసే పని, ఏవి కలుస్తాయి అంటే నీళ్ళూ కార్బన్ డయాక్సైడూ.

కానీ విడగొట్టడం ఒక్కటే చాలదు, చుట్టూ ఉన్న వాక్యం కూడా చూడాలి. అనువంశికం అనే మాట వచ్చింది, అనారోగ్యంలో లాగా ముందు "అన్" ఉంది కాబట్టి వంశంలో లేనిది అనుకుంది, మంచి ఊహే. అదే వాక్యంలో "తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే లక్షణాలు" అని ఉంది, అర్థం తిరగబడిందని తనే పట్టుకుంది. అక్కడున్నది "అను", అంటే వెంట వచ్చేది, అనుచరుడిలో ఉన్నదే. అకశేరుకాలు వచ్చినప్పుడు "అ" అంటే లేదని తెలుస్తుంది గానీ కశేరుకం అంటే ఏంటో ఎంత విడగొట్టినా తెలీదు, పక్కనే వానపాము, నత్త, బొద్దింక అని ఉంటే వీటన్నిటికీ లేనిదేంటి అని ఆలోచిస్తే వెన్నెముక దగ్గరికి వస్తాం.

నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ద్రావణం, ద్రావణి, ద్రావితం. పరీక్షలో పిల్లలు తారుమారు చేసేవి ఇవే. లిఖితం అంటే రాయబడింది, అలాగే ద్రావితం అంటే కరిగించబడింది. జనని అంటే కనేది, ద్రావణి అంటే కరిగించేది. గ్లాసులో ఉప్పు వేసి కలిపితే ఉప్పు ద్రావితం, నీళ్ళు ద్రావణి, రెండూ కలిసిన ఉప్పునీళ్ళు ద్రావణం. తోకలు చూసి చెప్పేయొచ్చు. మీ ఇంట్లో పిల్లలుంటే ఇవాళే అడిగి చూడండి, అవక్షేపం (ద్రావణంలోంచి విడిపోయి అడుగున చేరేది) అనే మాట కూడా ఇవ్వండి, "అవ" అంటే కిందికి అని మాత్రం చెప్పి మిగతాది వాళ్ళకే వదిలేయండి.