జేబులో పెట్టుకునే ఐసీయూ హ్యాండ్‌బుక్ ఎంపిక: నా డీఆర్‌ఎన్‌బీ ప్రిపరేషన్ అనుభవం

క్రిటికల్ కేర్‌లో, అంటే ఐసీయూ వైద్యంలో, డీఆర్‌ఎన్‌బీ అనే సూపర్ స్పెషాలిటీ డిగ్రీకి చదువుతున్న జూనియర్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న, డ్యూటీలో జేబులో ఉంచుకోవడానికి ఏ హ్యాండ్‌బుక్ కొనాలన్నది. ఒక పేరు చెప్పి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. ఎందుకంటే మొదటి సంవత్సరంలో నేను అలాగే ఎవరో చెప్పిన పేరు విని, లోపల ఏముందో చూడకుండా కొన్న పుస్తకం సరిగ్గా అవసరమైన రాత్రే నాకు అక్కరకు రాలేదు.

ఆ రాత్రి పురుగుల మందు తాగిన ఒక యువకుడిని తీసుకొచ్చారు. నోటి నుంచి నురగ, రెండు ఊపిరితిత్తుల్లోనూ గురగుర, సూదిమొనంత కనుపాపలు. విదేశంలో అచ్చయిన నా పుస్తకంలో ఆ రకం పురుగుల మందు, అంటే ఆర్గానోఫాస్ఫేట్ గురించి ఉన్నవి నాలుగు వాక్యాలు మాత్రమే. విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వాలని ఉంది గాని, ఎంతతో మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో లేదు. సీనియర్ రెసిడెంట్ వచ్చి, 1.8 మి.గ్రా.తో మొదలుపెట్టి, ఐదు నిమిషాలకోసారి రోగిని చూస్తూ, మెరుగు కనిపించకపోతే మోతాదును రెట్టింపు చేస్తూ పొమ్మన్నారు. మన దగ్గర దొరికే ఆంపూల్‌లో 0.6 మి.గ్రా. ఉంటుంది కాబట్టి మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు అని పైకి లెక్కపెడుతూ సిస్టర్ ఆంపూల్స్ విరిచారు. మొత్తం 45 ఆంపూల్స్, అంటే 27 మి.గ్రా. పడిన తరువాత ఛాతీలో శబ్దం తగ్గింది, చంకలు ఆరాయి, గుండె వేగం 80 దాటింది. ఇచ్చిన మొత్తంలో 10 నుంచి 20 శాతాన్ని, అంటే గంటకు 2.7 నుంచి 5.4 మి.గ్రా. వరకు, ఇన్‌ఫ్యూజన్‌గా (ఆగకుండా నరంలోకి ఎక్కిస్తూ) కొనసాగించాలని సీనియర్ చెప్పిన లెక్కను ఆ పేజీ అంచున రాసుకున్నాను. అలా రాసుకున్నది ఈనాటికీ మరచిపోలేదు.

అందుకే కోఠీలో పుస్తకాల షాపుకు వెళ్లినప్పుడు అట్ట చూడకండి, విషాల అధ్యాయం తెరవండి. మన ఐసీయూలకు వచ్చే రోగులు ఆ పుస్తకంలో ఉన్నారా? పాము కాటు గురించి ఎంత ఉంది? నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి విషాలకు పనిచేసే మన పాలీవేలెంట్ యాంటీ స్నేక్ వెనమ్ మోతాదు, పొడి గాజు గొట్టంలో చేసే 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష అందులో ఉన్నాయా? చిన్న పురుగు కాటుతో వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం పేరైనా ఉందా? ఇవి లేని పుస్తకం మిగతా విషయాల్లో ఎంత గొప్పదైనా, మనకు సగం పుస్తకమే.

తరువాత కొలమానాలు చూడండి. బ్రిటన్‌లో అచ్చయిన పుస్తకాలు రక్తంలోని ఆక్సిజన్‌ను కిలోపాస్కల్స్‌లోనూ, గ్లూకోజ్‌ను మిల్లీమోల్స్‌లోనూ ఇస్తాయి. 8 కిలోపాస్కల్స్ అంటే మన 60 మి.మీ. పాదరసమని తెలిసినవారు కూడా, తెల్లవారుజామున నాలుగింటికి ఆ మార్పిడి చేయబోయి తడబడతారు. పడిపోయిన రక్తపోటును పెంచే నార్‌అడ్రినలిన్ విషయంలో ఇది మరీ ప్రమాదం. ఒక మోతాదును టార్ట్రేట్ లవణం బరువుతో చెప్పారా, బేస్ (లవణం కాని అసలు మందు) బరువుతో చెప్పారా అన్నది తేలకపోతే అంకె రెట్టింపు అవుతుంది, ఎందుకంటే 2 మి.గ్రా. టార్ట్రేట్‌లో ఉండే బేస్ సుమారు 1 మి.గ్రా. మాత్రమే. నార్‌అడ్రినలిన్ నిమిషానికి కిలోకు 0.25 నుంచి 0.5 మైక్రోగ్రాముల మధ్యకు చేరినప్పుడు రక్తపోటును పెంచే మరో మందు వాసోప్రెసిన్‌ను జోడించమని, సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) చికిత్సపై సర్వైవింగ్ సెప్సిస్ వారి 2021 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి కాబట్టి, ఈ ఒక్క తేడాతో చికిత్స నిర్ణయమే మారిపోతుంది.

పుస్తకం వయసును ముద్రణ సంవత్సరంతో కాకుండా లోపలి విషయంతో తేల్చుకోవాలి. ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు హఠాత్తుగా తీవ్రంగా దెబ్బతినే జబ్బు) పేజీలో, దాని తేలికపాటి రూపానికి వాడిన అక్యూట్ లంగ్ ఇంజురీ అనే విభజన ఇంకా కనిపిస్తే, ఆ అధ్యాయం 2012 నాటి బెర్లిన్ నిర్వచనాన్ని అందుకోలేదని అర్థం. సెప్సిస్‌ను ఇంకా సర్స్ లక్షణాలతోనే (జ్వరం, గుండె వేగం, శ్వాస వేగం, తెల్ల రక్తకణాల సంఖ్య) నిర్వచిస్తూ ఉంటే, 2016 నాటి మూడవ సెప్సిస్ నిర్వచనం అందులోకి రాలేదు. ఇలాంటి పుస్తకాన్ని సగం ధరకు ఇచ్చినా తీసుకోకండి. 2023 నాటి కొత్త ఏఆర్‌డీఎస్ నిర్వచనంలో నిమిషానికి 30 లీటర్లు, అంతకు మించిన హై ఫ్లో ఆక్సిజన్ (ముక్కు గొట్టాల ద్వారా వేగంగా ఇచ్చే ఆక్సిజన్) మీద ఉన్న రోగినీ చేర్చారు. నా ప్రతిలో అది లేదు గనుక పెన్సిల్‌తో రాసుకున్నాను.

పీడీఎఫ్ సంగతి క్లుప్తంగా చెబుతాను. వెతకడానికి ఫోన్ బాగుంటుంది. కాని గ్లవ్స్ వేసుకున్న చేతితో ఫోన్ తీయడం నాకు నచ్చలేదు, పైగా అంచున రాసుకునే చోటు అందులో లేదు.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చేయాలి. థియరీ పేపరులో పది ప్రశ్నలకు మూడు గంటలు, అంటే ఒక్కో జవాబుకు 18 నిమిషాలు. హ్యాండ్‌బుక్‌లోని ఆరు పంక్తులతో పది మార్కుల జవాబు నిలబడదు. కారణాలు, శరీరధర్మం, అధ్యయనాల వాదన పెద్ద పుస్తకాల నుంచే రావాలి. నేను మూడవ సంవత్సరం మొదట్లో దీన్ని గుర్తించక, చిన్న పుస్తకాన్నే మూడుసార్లు తిరగేసి, మాక్ పరీక్షలో ఏ జవాబునూ రెండు పేజీలకు తేలేకపోయాను. అప్పటి నుంచి పగలు పెద్ద పుస్తకంలో ఒక అధ్యాయం చదివి, అందులోని అంకెలను మాత్రం హ్యాండ్‌బుక్ అంచుల్లోకి ఎక్కించి, రాత్రి డ్యూటీలో ఆ అంకెలను మంచం పక్కన వాడి చూసేవాడిని. ప్రాక్టికల్ వైవాలో అట్రోపిన్ ఇన్‌ఫ్యూజన్ రేటు ఎలా నిర్ణయిస్తారని అడిగినప్పుడు, నా కళ్లముందు నిలిచింది ఆ పేజీ అంచున నీలి సిరాతో రాసుకున్న 45 ఆంపూల్స్ లెక్క.