అరిసెలు చెదిరిపోతున్నాయి: పాకాన్ని తిట్టే ముందు పిండిని తూచండి

మళ్ళీ చెదిరింది. నూనెలో వేసిన పదిహేను సెకన్లకు అంచులు విడవడం మొదలైంది. అర నిమిషం గడిచేసరికి కడాయి అడుగున పిండి రవ్వ, పైన బెల్లం నురగ, మధ్యలో అరిసె అనదగ్గదేమీ లేదు. థర్మామీటర్‌లో పాకం 113 డిగ్రీలు. పోయిన విడత సరిగ్గా ఇదే 113కి దించితే చక్కగా వచ్చాయి. బెల్లం అదే, బియ్యం అదే, కడాయి కూడా అదే.

పండక్కి పంచే డబ్బాలో మిగతావాటికి ఏ గొడవా లేదు. నువ్వుల జంతికలు కుదిరాయి. కొబ్బరి కజ్జికాయలు కుదిరాయి. సున్నుండల్లో మినప్పప్పుకి పావు వంతు పెసరపప్పు వేయించి కలిపితే నోట్లో అంటుకోవడం తగ్గింది, ఇకనుంచి అదే కొలత. మొండికేసింది అరిసెలే, కాబట్టి ఇక్కణ్ణుంచి అంతా వాటి గొడవే.

కొలతలు: పాత బియ్యం 500 గ్రాములు, బెల్లం 375, నీళ్ళు 100 మి.లీ., నెయ్యి రెండు చెంచాలు, నువ్వులు 40. చలిమిడి ఉండ 35 గ్రాములు, వత్తితే 8 సెం.మీ. వెడల్పు, 6 మి.మీ. మందం. నూనె 165 డిగ్రీలు. బియ్యం 24 గంటలు నానింది, రెండుసార్లు నీళ్ళు మార్చడమూ అయింది.

అరిసె విడిపోతే ఎవరిని అడిగినా వచ్చే జవాబు ఒకటే: పాకం లేతగా దించారు. అందుకే ముందు పాకం దగ్గరే అనుమానం. హైదరాబాద్ సముద్రమట్టానికి అయిదు వందల మీటర్లకు పైనే ఉంది, ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. కాకినాడలో 115 చూపించే పాకం ఇక్కడ 113 దగ్గరే ఆ చిక్కదనానికి వచ్చేస్తుంది. కాబట్టి పాకానికి అంకె చెప్పేటప్పుడు ఊరు కూడా చెప్పాలి. అంతకన్నా తేలిక: ముందు మంచినీళ్ళు మరిగించి థర్మామీటర్ ఎంత చూపిస్తుందో రాసుకుని, దానిమీద 14 నుంచి 16 డిగ్రీలు ఎక్కువకు పాకం దించడం. థర్మామీటర్‌లో రెండు డిగ్రీల తప్పున్నా ఈ లెక్కలో కొట్టుకుపోతుంది. ఈ విడత పాకం నీటి మరుగు మీద 15. లేత కాదు.

థర్మామీటర్ మొన కూడా చూడాలి. 375 గ్రాముల బెల్లం వెడల్పు గిన్నెలో కరిగిస్తే పాకం లోతు రెండు సెం.మీ. కూడా ఉండదు. మొన అడుగుకి తగిలితే గిన్నె వేడి చూపిస్తుంది, నురగలో ఉంటే తక్కువ చూపిస్తుంది. గిన్నెను ఒక పక్కకి వంచి, పాకం గుంటగా చేరిన చోట మొనను మధ్యలో నిలిపితేనే ఆ అంకెను నమ్మాలి. మందపాటి గిన్నె అయితే స్టవ్ ఆపాక కూడా ఒక డిగ్రీ పెరుగుతుంది.

పళ్ళెంలో నీళ్ళు పోసి, అందులో పాకం చుక్క వేసి ఉండ కడుతుందా అని చూడటం మంచి పద్ధతే, కానీ ఆ నీళ్ళ వేడి ఎవరూ పట్టించుకోరు. ఫ్రిజ్ నీళ్ళలో లేత పాకం కూడా ఉండ కట్టినట్టే కనిపిస్తుంది. ఎండాకాలం కుళాయి నీళ్ళలో ముదురు పాకం కూడా జారుతుంది. కుండలో నీళ్ళంత చల్లదనం చాలు. ఐసు ముక్కలు వేసి చూపించే వీడియోల మీద నాకు నమ్మకం లేదు.

పాకం నిర్దోషి అని తేలాక నూనె. చిన్న కడాయిలో ముప్పావు లీటరు నూనె 168 దగ్గర ఉండగా రెండు అరిసెలు ఒకేసారి వేస్తే 155కి పడిపోయింది. 155లో అరిసె పైపొర గట్టిపడేలోపే లోపలి బెల్లం పల్చబడి జారుతుంది, అందుకే నూనె చల్లబడితే విడిపోవడం ఎక్కువ. కానీ ఒక్కటే వేసి, 165 కిందికి పడకుండా చూసినా చెదిరింది. కాస్త ఆలస్యంగా చెదిరింది, అంతే. నూనె దోషం కలిసింది తప్ప అసలు దోషం నూనెది కాదు. ఫ్రీడమ్ సన్‌ఫ్లవర్ అయినా గానుగ వేరుశనగ నూనె అయినా ఈ విషయంలో తేడా లేదు. రుచికి మాత్రం వేరుశనగ నూనే.

ఇక మిగిలింది పిండి. ఇక్కడే లెక్క తేలింది.

500 గ్రాముల బియ్యం నానబెట్టి, చిల్లుల గిన్నెలో అరగంట వాడ్చి తూస్తే 655. బట్ట మీద ఇరవై నిమిషాలు ఆరబోస్తే 640. అదే బట్ట మీద ఫ్యాను కింద గంట ఉంచితే 610. చేత్తో పట్టుకుంటే మూడూ తడి బియ్యమే, మూడింటి పిండీ పిడికిట్లో ఉండ కడుతుంది. కానీ 640కీ 610కీ మధ్య 30 గ్రాముల నీళ్ళు. పాకం వైపు చూస్తే, రెండు డిగ్రీల తేడా అంటే ఇంత బెల్లానికి పది గ్రాముల నీళ్ళు, అటూఇటుగా. అంటే పాకం దగ్గర కళ్ళార్పకుండా నిలబడి కాపాడుకున్న దానికి మూడింతలు బట్ట మీదే వదిలేస్తున్నాం.

దీనికి ఇంకో దెబ్బ తోడు. పిండిని గిన్నెతోనో తూకంతోనో కొలిచి పాకంలో వేస్తాం. 640 తూగే బియ్యం నుంచి వచ్చిన పిండి 500 గ్రాములు తీసుకుంటే అందులో అసలు బియ్యం 390. 610 తూగే దాని నుంచి అయితే 410. తడి ఎక్కువైన కొద్దీ పిండి తగ్గుతుంది, బెల్లం వంతు తనంతట తనే పెరుగుతుంది. నీళ్ళూ ఎక్కువే, బెల్లమూ ఎక్కువే.

ఇవి రెండూ కలిస్తే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. వేడి నూనెలో బియ్యప్పిండి ఉడికి పట్టుకోవాలి, బెల్లం పల్చబడి జారకముందే. చక్కెర ఎక్కువైతే పిండి ఉడకడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. ఆ ఆలస్యంలో బెల్లం జారుతుంది, నీళ్ళు ఆవిరై లోపలినుంచి తోస్తాయి, అరిసె ముక్కలవుతుంది.

తేల్చుకోవడానికి ఒకే పాకాన్ని మూడు గిన్నెల్లో పోసి మూడు రకాల పిండి కలపడమే మార్గం. పిండి తడికి ఒక కొలమానం పెట్టుకుంటే మాట్లాడుకోవడం తేలిక: వంద గ్రాముల పొడి బియ్యం, మరపట్టడానికి ముందు తడిగా ఎంత తూగుతుంది. అందరికీ అదే పాకం, నీటి మరుగు మీద 15. ప్రతి గిన్నెలోనూ పొడి బియ్యం లెక్కన వందకి 75 బెల్లం.

వందకి 128: గిన్నెలో ఉండగా చలిమిడి బాగానే ఉంది, మెరుస్తోంది కూడా. నూనెలో పూర్తిగా చెదిరింది. ఇదే బియ్యపు పిండిని మరుగు మీద 17 వచ్చిన పాకంలో కలిపితే విడిపోలేదు, కానీ చిల్లులు పడి నూనె బాగా పీల్చింది. ముదురు పాకంతో తడి పిండిని సర్దుకోవచ్చన్నమాట, రుచి పోగొట్టుకుని.

వందకి 122: పొంగింది, అంచు నిలిచింది, చెక్కల మధ్య నొక్కితే నూనె వదిలింది. మర్నాటికీ మెత్తగానే ఉంది.

వందకి 115: వత్తేటప్పుడే అంచులు పగిలాయి. చెదరలేదు. చల్లారాక గట్టి, రెండో రోజుకి పళ్ళతో యుద్ధం.

కాబట్టి 120, 123 మధ్య ఎక్కడో ఆపాలి. నాకు 122 కుదురుతోంది. బియ్యం రకాన్ని బట్టి ఒకటి అటూఇటూ ఉండొచ్చు. 1010, స్వర్ణ లాంటి రకాలు సరిపోతాయి, సన్న బియ్యం అన్నానికే వాడుకుంటే మంచిది. కొత్త బియ్యం అసలు వద్దు, జిగురు.

చెదిరిన విడత బియ్యం ఆరింది ఇరవై నిమిషాలే, అదీ మబ్బు పట్టిన రోజు. పోయిన విడత ఎండ కాసిన రోజు. గడియారం చూసి ఆరబెడితే ఇలాగే ఉంటుంది. బట్టతో సహా తూచండి, బట్ట బరువు తీసేయండి, 500 గ్రాముల బియ్యం 610కి రాగానే మరకి పంపండి.

మర దగ్గర ఇంకో చిక్కు. తడి బియ్యం పట్టే మరలు సంక్రాంతి ముందు దొరుకుతాయి, మిగతా రోజుల్లో చాలామంది ఒప్పుకోరు, రాళ్ళకి పిండి అంటుకుంటుందని. మిక్సీలో పట్టొచ్చు, సుజాత లాంటి గట్టి మోటారుది అయితే ఆగకుండా తిరుగుతుంది. కానీ జార్ వేడెక్కి పిండి తడి పోతుంది. 100 గ్రాముల చొప్పున, అరనిమిషం తిప్పి ఆపి, జల్లించి, పిండిని గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పాలి. గుడ్డ పిండికి తగలకూడదు. తగిలిన చోట పిండి మళ్ళీ తడుస్తుంది, ఆ పిండితో వత్తిన అరిసె ఒక పక్కే విడిపోతుంది. అరచేతికి కూడా నీళ్ళు కాదు, నెయ్యి. కొట్లో దొరికే పొడి బియ్యప్పిండితో చేయకండి. పొడిగా పట్టినప్పుడు గింజ ఎక్కువ నలిగి, ఆ పిండి నీళ్ళని తెగ పీలుస్తుంది, అరిసె పెళుసుగానో గట్టిగానో వస్తుంది.

బెల్లం గురించి ఒక మాట. పసుపుపచ్చగా నిగనిగలాడేది చూడటానికే, పాకంలో నురగ ఎక్కువ, వాసన తక్కువ. బాగా నల్లగా, జిగటగా ఉన్నదాంట్లో చక్కెర గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడిపోయి ఉంటుంది, ఎంత మరిగించినా ఉండ సరిగ్గా నిలవదు, నూనెలో తొందరగా మాడుతుంది. విరగ్గొడితే లోపల పలుకులు మెరిసే గట్టి అనకాపల్లి బెల్లం ఇప్పటిదాకా నన్ను ఇబ్బంది పెట్టలేదు. ప్యాకెట్లో వచ్చే బెల్లం పొడి కాఫీకి బాగుంటుంది. ఇసుక ఉంటుంది కాబట్టి ఏదైనా కరిగించి వడకట్టాలి.

ఇప్పటికే చెదిరే చలిమిడి చేతిలో ఉంటే: మొత్తం వేయించకండి. ముందు గోలీ అంత వేసి చూడండి. విడిపోతే, కాస్త ఆరిన తడి పిండిని 500 గ్రాముల చలిమిడికి 40 గ్రాముల చొప్పున కలిపి, బాగా మర్దించి మళ్ళీ గోలీ వేయండి. తడి పిండి అయిపోతే గోధుమపిండి రెండు చెంచాలు కూడా నిలబెడుతుంది, కానీ అరిసె కొంచెం సాగుతుంది. నేనైతే పంచే డబ్బాలోకి అవి పెట్టను, ఇంట్లోకే. గట్టిపడిన చలిమిడికి వేడి పాలు చెంచా చొప్పున. ఒక్కసారే పోస్తే మళ్ళీ మొదటికి వస్తుంది.

తర్వాత చూడాల్సింది తమిళుల అధిరసం పద్ధతి. వాళ్ళు బెల్లప్పాకంలో పిండి కలిపి వెంటనే వేయించరు, ఒకటి రెండు రోజులు, కొందరు ఇంకా ఎక్కువే, మూతపెట్టి నిలవ ఉంచుతారు. ఆ విశ్రాంతిలో తడి అంతటా సమానంగా సర్దుకుంటుందని నా అనుమానం. నిజమైతే వందకి 125 దగ్గరి పిండి కూడా నిలబడాలి. ఒకే చలిమిడిలో సగం ఆ పూటే, సగం రాత్రంతా ఉంచి వేయించి చూడాలి. ఆ పరీక్షకి ఉండలు 35 కాదు, 25 గ్రాములే, అవి పంచడానికి తేలిక, పెద్దవాళ్ళకి సగం విరగ్గొట్టే పని ఉండదు.

పాకాన్ని థర్మామీటర్ బదులు తూకంతో దించడం కూడా మనసులో ఉంది. 375 గ్రాముల బెల్లం ఈ చిక్కదనానికి వచ్చేసరికి 420 గ్రాముల దరిదాపుల్లో ఉండాలి. ఖాళీ గిన్నె బరువు ముందే రాసుకుని, కాటా మీద చెక్క ముక్క వేసి వేడి గిన్నె పెడితే సరి. బెల్లంలో ముందే ఎంత తడి ఉందన్నది బట్టి ఆ అంకె మారుతుంది, అందుకని ఒకే అచ్చులోంచి తీసిన బెల్లంతోనే మొదలుపెట్టాలి. ఇది కుదిరితే కొర్ర పిండితో అరిసెలు. కొర్రలు నానితే ఎంత తూగుతాయో ముందు అదే చూడాలి, వాటికి 122 సరిపోతుందని అనుకోను.