ఈ రాత్రి రాసుకునేది

కరెంటు ఇప్పుడే వచ్చింది. ఫ్యాను రెక్కలు ఒక్కోటీ విడిగా కనిపించేంత మెల్లగా కదిలి, వేగం అందుకుని కలిసిపోయాయి. మెడ మీద చెమట ఆరుతుంటే "హమ్మయ్య, దేవుడా" అనేశాను. ఈ రాత్రి నోట్‌బుక్‌లోకి ఇదే వెళ్తుంది.

కృతజ్ఞత రాసుకునే అలవాటు కొన్నాళ్లకే చప్పబడిపోవడానికి కారణం, రోజూ "ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం" అని అవే రాయడం. మనసు వాటి మీంచి జారిపోతుంది. "కుటుంబం" అని కాదు, "తలనొప్పి అంటే చెల్లి లైటు తీసేసి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరకేసి వెళ్లింది" అని రాయండి. ఎవరు, ఏం చేశారు, ఎప్పుడు అన్నది కనబడాలి.

పడుకునే ముందు మూడు సంగతులు చాలు. ఒక్కోదాని పక్కన అది ఎందుకు జరిగిందో ఒక వాక్యం. 2005లో మనస్తత్వవేత్త మార్టిన్ సెలిగ్మన్ బృందం ప్రచురించిన అధ్యయనంలో వారం పాటు చేయించింది ఇదే. నాకైతే ఆ "ఎందుకు" దగ్గరే దేవుడు దొరుకుతాడు. మన ప్రమేయం లేకుండా అందిన సాయమెంతో అక్కడే తెలుస్తుంది. చీకట్లో స్తంభమెక్కిన లైన్‌మన్ పేరైనా మనకు తెలీదు కదా.

రోజూ రాస్తే మొక్కుబడిగా ఉందా? వారానికోసారి రాయండి. కృతజ్ఞత మీద ఎమన్స్, మెక్‌కలౌ అనే మనస్తత్వవేత్తలు 2003లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి వారానికోసారి చొప్పున 10 వారాలు సాగింది.

ఒక్క జాగ్రత్త. దుఃఖంలో ఉన్నవాళ్లకి ఈ సలహా ఇవ్వకండి. ఏడుపొచ్చే రోజున ముందుగా ఆ ఏడుపే రాయాలి, మొర పెట్టుకోవడమూ ప్రార్థనే. తర్వాత ఓపికుంటే ఒక్క సంగతి. లేదంటే రేపు రాసుకోవచ్చు.