గడ్డికుప్ప దగ్గర దొరికిపోయిన పాలిటీ

గ్రూప్-2కి శ్రీకాకుళంలో గది తీసుకుని చదువుతున్న రోజుల్లో, ఓ ఆదివారం పలాస దగ్గర మా ఊరు వెళ్లాను. మిట్టమధ్యాహ్నం ఎవరిదో గడ్డికుప్ప అంటుకుంది. 101కి ఫోన్ చేస్తే ఫైరింజను వచ్చింది, పక్కనున్న పాకలు దక్కాయి. పొగ తగ్గాక పక్కింటి తాత అడిగాడు: "ఏటి బాబూ, అంత చదువుతన్నావు గదా, ఈ బండి పంచాయతీదా, పోలీసోల్లదా, ఢిల్లీదా?"

నోరు పెగల్లేదు. పాలిటీలో, అంటే రాజ్యాంగం-పాలన సబ్జెక్టులో, కేంద్ర రాష్ట్రాలకు అధికారాలు పంచే ఏడో షెడ్యూలు మూడు జాబితాలూ కంఠతా వచ్చిన నాకు, అందులో ఫైరు ఎక్కడుందో గుర్తు రాలేదు. గదికొచ్చి తిరగేశాను. ఉంటే కదా గుర్తొచ్చేది! అగ్నిమాపక సేవలన్న పేరుతో అక్కడ అంశమే లేదు. ఉన్నది 12వ షెడ్యూలులో. 74వ రాజ్యాంగ సవరణతో పురపాలక సంఘాలకు రాసిన 18 అంశాల్లో ఏడోది. పంచాయతీల 11వ షెడ్యూలులో 29 అంశాలున్నా ఇది మాత్రం లేదు. ఈ తేడా దగ్గర కాసేపు ఆగండి, స్టేట్‌మెంట్ ప్రశ్నలకు మంచి మేత. పైగా రాజ్యాంగంలోని 243డబ్ల్యూ అధికరణం ప్రకారం రాష్ట్ర శాసనసభ ఆ పనులు 'అప్పగించవచ్చు', అంతే. అందుకే ముంబైలో ఫైర్ బ్రిగేడ్ నగరపాలక సంస్థది. మనకేమో ఊరికైనా పట్నానికైనా ఒకటే: రాష్ట్ర విపత్తుల స్పందన, అగ్నిమాపక సేవల శాఖ. చట్టం 1999 నాటిది.

మరి కేంద్రం? హోం శాఖ కింద ఓ డైరెక్టరేట్ జనరల్ ఉంది. సలహా, శిక్షణ, డబ్బు దాని వంతు. నాగపూర్ జాతీయ అగ్నిమాపక కళాశాల 1956లో రాంపూర్‌లో మొదలై మరుసటి ఏడాది అక్కడికి మారింది. రాష్ట్రాల్లో ఈ సేవల విస్తరణకు 2023లో 5,000 కోట్ల పథకం వచ్చింది. ఈ పేరా ఒకసారి చదివితే చాలు.

అగ్నిమాపక దినం ఏప్రిల్ 14 మాత్రం తేదీలా బట్టీ పట్టకండి. 1944లో ఆ రోజున బొంబాయి రేవులో పత్తి, పేలుడు పదార్థాలు కలిపి మోస్తున్న ఓడ పేలి 66 మంది అగ్నిమాపక సిబ్బంది పోయారు. ఏటా ఆ వారమంతా ఫైర్ స్టేషన్లలో ప్రదర్శనలుంటాయి, వెళ్లండి. ఫైర్‌మన్, లీడింగ్ ఫైర్‌మన్, స్టేషన్ అధికారి, జిల్లా అధికారి అంటూ పైదాకా మెట్లు నాకు పుస్తకంలో ఎక్కలేదు, అక్కడ ఎక్కాయి.

మళ్లీ ఊరెళ్లినప్పుడు తాతకి చెప్పాను, బండి రాష్ట్రానిదని. ఆయన వదల్లేదు: "మరి తిత్లీకి రోడ్డు మీద చెట్లు కోసినోల్లెవులు?"

2018 అక్టోబరు 11న వచ్చిన తిత్లీ తుపాను సంగతి అది. నారింజ బట్టల్లో కనిపించే ఎన్‌డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు స్పందన దళం) కేంద్రానిది. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద 2006లో ఏర్పడింది, జవాన్లు కేంద్ర బలగాల నుంచి వస్తారు. మాక్ టెస్టులో దీన్నీ ఫైర్ శాఖనీ కలిపేసి ఓ మార్కు పోగొట్టుకున్నవాణ్ణి.

"ఎర్రబండోల్లూ ఉన్నారు, నారింజ బట్టలోల్లూ ఉన్నారు తాతా" అన్నాను.