అమ్మ బైబిలులో ఎర్ర గీత

అమ్మ పోయాక ఆమె బైబిలు నా చేతికి వచ్చింది. 2 కొరింథీయులకు 13:5 కింద ఎర్ర పెన్సిల్ గీత, పక్కన చిన్న ప్రశ్నార్థకం. విశ్వాసంలో ఉన్నామో లేదో మనల్ని మనమే పరీక్షించుకోవాలని పౌలు చెప్పే వచనమది. అమ్మకూ సందేహమా! ముప్పై ఏళ్లుగా ఆమె ప్రార్థనల నీడలోనే బతికాను. నా సొంతంగా నమ్మినది ఎంతో ఎన్నడూ చూసుకోలేదు.

ఇప్పుడు తెల్లవారుజామున, ఫోను ముట్టుకోకముందే, మార్కు సువార్త రోజుకు పది వచనాలు చదువుతున్నాను. నిద్ర ముంచుకొచ్చి వదిలేసిన రోజులూ ఉన్నాయి. తొమ్మిదో అధ్యాయంలో జబ్బుపడిన కొడుకును తెచ్చిన తండ్రి దగ్గర ఆగిపోయాను. నమ్ముతున్నానంటూనే తన అపనమ్మకం పోవడానికి సాయం అడిగాడు. యేసు అతణ్ని తిప్పి పంపలేదు, బిడ్డను బాగుచేశాడు. ఆ వచనం కింద నేనూ గీత గీశాను, అమ్మ పెన్సిల్‌తోనే.