అరిచింది నా మీద, అడిగింది పిల్ల గురించి

తల్లిదండ్రుల సమావేశం మొదలై పావుగంట కూడా కాలేదు. ఎనిమిదో తరగతి గదిలో ఉన్న రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతోంది, బెంచీల మీద అమ్మలు ఇరుక్కుని కూర్చున్నారు, నాన్నలు గుమ్మం దగ్గర నిలబడ్డారు. వాళ్ల వెనక నుంచి ఒకాయన తెలుగు నోట్సును గొట్టంలా చుట్టి చేత్తో పట్టుకుని ముందుకొచ్చారు. "ఏటి మేడమ్ ఇది? తప్పుల మీద రైట్లు కొట్టీసినారు. ఇదేటి సదువు?" అన్నారు. గది మొత్తం నిశ్శబ్దం. నేను నోరు తెరిచేలోపే రెండోది వచ్చి పడింది: "నెలనెలా గవర్నమెంటు జీతాలు తీసుకుంతారు, మీ పిల్లల్ని మాత్రం ప్రైవేటు బడికి పంపుతారు. మా పిల్లలు ఎలాగైపోయినా పర్లేదేటి?"

నాకు చెవులు వేడెక్కిపోయాయి, నోరు ఎండిపోయింది. చేతిలో ఎర్ర పెన్ను ఉంది, దాని క్యాప్ తీస్తూ పెడుతూ ఉన్నానని నాకే తర్వాత తెలిసింది.

ఆ రెండు మాటల్లో నన్ను ఎక్కువగా గుచ్చింది మొదటిది కాదు, రెండోది. ఎందుకో ఆ రాత్రి ఆలోచిస్తే అర్థమైంది. మా అబ్బాయి నిజంగానే ప్రైవేటు బడిలో చదివాడు. ఒక మాట మరీ మండించిందంటే అందులో ఎక్కడో కొంచెం నిజం ఉండి ఉంటుందని, లేదా అది మనం మనలో మనమే చాలాసార్లు అనుకుని దాటేసిన మాట అయి ఉంటుందని నాకు ఇప్పుడు గట్టిగా అనిపిస్తోంది. పూర్తిగా అబద్ధమైన నింద అంత లోపలికి దిగదు. "మీకు తెలుగు రాదు" అని ఎవరైనా అంటే నాకేమీ కాదు, ఇరవై రెండేళ్లుగా అదే పని చేస్తున్నాను కాబట్టి.

ఇలాంటిదే ఒకటి పదకొండేళ్ల కిందట, వేరే ఊళ్లో, వేరే బడిలో జరిగింది. మార్కులు తక్కువ వేశానని ఒకావిడ నలుగురిలో నన్ను పట్టుకుని అడిగారు, గొంతు కొంచెం పెంచే అడిగారు. నేను ఊరుకోలేదు. జవాబు పత్రం తెప్పించి, ఆవిడ కూతురు రాసిన ప్రతి తప్పునూ అందరి ముందూ గట్టిగా చదివాను, ఇది సంధి తప్పు, ఇది వత్తు తప్పు, ఇక్కడ అర్థమే లేదు, ఇంకా ఎక్కువ ఎలా వేయమంటారు అని. ఆవిడ మారు మాట్లాడకుండా వెళ్లిపోయారు. తోటి టీచర్లు "బాగా బుద్ధి చెప్పారు మేడమ్" అన్నారు, నాకూ ఆ పూట గర్వంగానే అనిపించింది. ఆ అమ్మాయి మాత్రం మర్నాటి నుంచి నా క్లాసులో చెయ్యి ఎత్తడం మానేసింది. పదో తరగతి అయిపోయే వరకూ ఎత్తలేదు. నన్ను అన్నది తల్లి, నేను కొట్టింది పిల్లని. దీన్ని నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు, చెప్పాలనిపించి ఇక్కడ రాస్తున్నాను.

అందుకే ఈసారి ఆ నాన్నగారు అలా నిలబడి అరుస్తుంటే నాకు మొదట గుర్తొచ్చింది ఆ చెయ్యి ఎత్తని అమ్మాయి. ఈయన కూతురు కిటికీ అవతల వరండాలో నిలబడి తొంగి చూస్తోంది. పెన్ను బల్ల మీద పెట్టేశాను. "ఆ నోట్సు ఒకసారి ఇలా ఇవ్వండి బాబూ, ఏ లైను దగ్గర మీకు బాధ అనిపించిందో చూపించండి" అన్నాను. అంత తెలివిగా ఆలోచించి అన్న మాటేమీ కాదు, ఏమనాలో తెలియక అన్నదే. కానీ ఏం జరిగిందంటే, లైను చూపించాలంటే ఆయన నోట్సు విప్పాలి, పేజీ వెతకాలి, బల్ల మీదకు వంగాలి. వంగి వేలు పెట్టి చూపిస్తూ మనిషి అరవలేడు. గొంతు దానంతట అదే దిగిపోయింది.

పేజీలో ఉన్నది "మా ఇల్లు" అని పిల్ల సొంతంగా రాసుకున్న వ్యాసం. "మా అమ్మ తెల్లారకుండానే లేసి కళ్లాపి జల్లీసి పనికి ఎల్లిపోనాది. నాను తమ్ముడికి అన్నం పెట్టి బడికి వత్తాను." ఈ రెండు వాక్యాల పక్కన నా ఎర్ర రైటు గుర్తు, కింద "చాలా బాగుంది" అని నా చేతిరాత. నాకు నిజంగానే బాగుంది. పుస్తకాల్లోంచి ఎత్తి రాసిన నలభై వ్యాసాల మధ్య సొంత గొంతుతో పలికింది అదొక్కటే, ఆ గొంతుని ఎర్ర సిరాతో కొట్టేయడానికి నాకు మనసు రాలేదు.

"ఇక్కడ" అన్నారాయన, "ఎల్లిపోనాది" మీద వేలు పెట్టి. ఆ వేలి గోటి చుట్టూ సిమెంటు తిని చర్మం పగిలిపోయి ఉంది. "నాను హైదరాబాదులో తాపీ పని సేత్తాను మేడమ్. పన్నెండేళ్లు. నోరిప్పితే సాలు నవ్వుతారు. కూలోడు నవ్వుతాడు, ఓనరు నవ్వుతాడు. నా మాటే నా పిల్ల నోట్సులో ఉంటే, దానికి మీరు రైటు కొడితే, రేపు దాన్ని సూసి కూడా నవ్వరేటి?"

దీనికి నా దగ్గర సమాధానం లేదు. వాడుక మాటను గౌరవించడం గొప్ప విషయమని నేను నమ్ముతాను, ఇప్పటికీ నమ్ముతాను, కానీ ఆ గౌరవం వల్ల వచ్చే కష్టం పడాల్సింది నేను కాదు, ఆ పిల్ల. పరీక్షలో ఇలా రాస్తే మార్కు పోతుందని, ఇంటి మాట ఎక్కడ వాడాలో బడి మాట ఎక్కడ వాడాలో వేరువేరుగా తెలియాలని నేను దానికి ఒక్కసారి కూడా చెప్పలేదు. అదే ఆయనతో అన్నాను. "మీరన్నది నిజమే. రైటు కొట్టడం తప్పు కాదని నా ఉద్దేశం, కానీ రైటు కొట్టి ఊరుకోవడం తప్పే. అది నాదే." జీతం సంగతీ, మా అబ్బాయి బడి సంగతీ ఎత్తలేదు. ఆయన కూడా మళ్లీ ఎత్తలేదు. విసిరిన ప్రతి రాయినీ వంగి ఏరుకోనక్కర్లేదు, ఆ పూట ఆయన అడగాల్సిన ప్రశ్న అది కాదని ఆయనకూ తెలుసు.

తప్పు ఒప్పుకుంటే అలుసైపోతామని చాలామంది అంటారు, మా స్టాఫ్ రూములో కూడా అదే మాట. నా అనుభవంలో అలుసు అయ్యేది, ఉన్న తప్పును దాచుకోవడానికి లేని విషయాలు మాట్లాడినప్పుడు. ఒప్పుకున్నాక ఎదుటి మనిషికి అరవడానికి ఏమీ మిగలదు. అయితే ఒప్పుకోవాల్సింది ఎంత ఉందో అంతే ఒప్పుకోవాలి, గొడవ తీరిపోతే చాలని మొత్తం మీద వేసుకోకూడదు. "అయ్యో సారీ, మొత్తం నాదే తప్పు" అని ఆ రైటు గుర్తు కొట్టేసి ఉంటే ఆయన సంతోషించేవారేమో, ఆ పిల్ల మాత్రం ఇంకెప్పుడూ వాళ్ల అమ్మ గురించి రాసేది కాదు.

ఆ వారమంతా నాకు గిడుగు రామమూర్తి పంతులుగారే మనసులో తిరిగారు. మా జిల్లా మనిషి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే కదా మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకునేది, ప్రతి ఏడూ ఆ రోజు అసెంబ్లీలో మాట్లాడేది నేనే. నా ప్రసంగం ఏళ్ల తరబడి ఒకేలా నడిచింది: 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు, పర్లాకిమిడి రాజావారి బడిలో పంతులుగా చేశారు, సవర గిరిజనుల భాష నేర్చుకుని దానికి వ్యాకరణమూ నిఘంటువూ రాశారు, వాడుక భాష కోసం పోరాడారు, ఆపైన చప్పట్లు. ఆయన పడిన మాటల సంగతి మాత్రం పిల్లలకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయనకు ఎదురు నిలబడింది ఆషామాషీ మనుషులు కాదు, జయంతి రామయ్య పంతులుగారి లాంటి చదువూ హోదా ఉన్న పెద్దలు. వాడుక భాషలో రాయడమంటే భాషను పాడుచేయడమేనని, అది గ్రామ్యమని వాళ్ల వాదన. జీవితమంతా భాషకే ధారపోసిన మనిషిని పట్టుకుని నువ్వు భాషను చెడగొడుతున్నావు అంటే ఎలా ఉంటుంది?

ఆయన చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. పాత పుస్తకాలు తిరగేసి ప్రయోగాలు పోగుచేశారు. పండితులు తప్పు అంటున్న రూపాలు వాళ్లు పూజించే కవుల్లోనే ఉన్నాయని ఎత్తి చూపించారు. గ్రాంథికం గ్రాంథికం అనేవాళ్లు తాము రాసిన వాక్యాల్లోనే, తాము నెత్తిన పెట్టుకున్న చిన్నయసూరి బాల వ్యాకరణం ప్రకారమే ఎక్కడెక్కడ తప్పారో చూపించారు. 1919లో "తెలుగు" అనే పత్రిక పెట్టి అందులో రాశారు. 1925లో తణుకులో జరిగిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు సభలో నాలుగు గంటలు మాట్లాడారు, ఆ నాలుగు గంటలూ గ్రంథాల్లోంచి తీసిన ఉదాహరణలతోనే. సవరల ఊళ్లు తిరిగి జ్వరాలు తెచ్చుకుని, క్వినైన్ వాడి వాడి అప్పటికే వినికిడి పోగొట్టుకున్న మనిషి ఆయన. ఎదుటివాళ్ల మాట సరిగ్గా చెవిన పడని మనిషి, వాళ్లు రాసింది మాత్రం అక్షరం వదలకుండా చదివారు.

ఆయన మెత్తని మనిషేమీ కాదు, మాట పదునుగానే ఉండేది. శాంతంగా ఉండటమంటే తియ్యగా మాట్లాడటమని మనకు చిన్నప్పటి నుంచీ నూరిపోశారు, ముఖ్యంగా ఆడపిల్లలకి. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా నాయనమ్మ రోజుకోసారి అనేది, ఆ సామెతతో నాకు పూర్తిగా పేచీయే, ఎందుకంటే అది ఎప్పుడూ మాట పడ్డవాళ్లకే చెప్తారు, అన్నవాళ్లకి చెప్పరు. గిడుగు వారి పదును వాక్యం మీద ఉండేది, ఈ మాట ఫలానా పుస్తకంలో ఫలానా చోట ఉంది చూడండి అని. పదకొండేళ్ల కిందట నేనూ జవాబు పత్రం చూపించానే, మరి తేడా ఎక్కడ అని చాలాసేపు ఆలోచించాను. నేను ఆ కాగితం తెప్పించింది ఆవిడ నోరు మూయించడానికి. ఆవిడకు ఏం కావాలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఇంకోటి కూడా రాయాలి, లేకపోతే ఇదంతా చదివి ఎవరైనా ప్రతిదీ భరించాలేమో అనుకుంటారు. రెండేళ్ల కిందట ఒక రాత్రి పదింటికి ఒకతను ఫోన్ చేసి, కొడుకుని క్లాసులో నిలబెట్టానని, నా నడవడిక గురించి రాయలేని మాటలు అన్నాడు. అతన్ని నేను ఏ లైను దగ్గర బాధ అని అడగలేదు. "మీరు అంటున్నది పిల్లవాడి గురించి కాదు, ఫోన్ పెట్టేస్తున్నాను" అని పెట్టేశాను, మర్నాడు హెడ్మాస్టరుగారికి కాగితం మీద రాసి ఇచ్చాను, మావారికీ చెప్పాను. చెయ్యి వణుకుతూనే ఉంది, కానీ తిరిగి ఒక్క మాట తూలలేదు. తాపీ మేస్త్రిగారి అరుపూ ఈ ఫోనూ ఒకటి కాదు. ఒకదాని లోపల ప్రశ్న ఉంది, రెండోదాని లోపల ఏమీ లేదు. ఏది ఏదో తెలియడానికి నాకు పట్టే సమయం ఒక్కోసారి ఒక నిమిషం, ఒక్కోసారి ఒక రాత్రి. అందుకే వెంటనే తేలకపోతే "రేపు సాయంత్రం నాలుగున్నరకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం" అనేస్తాను. మనిషి నిజంగా పిల్ల కోసం అడుగుతుంటే వస్తారు. నన్ను అనడానికే వచ్చినవాళ్లు దాదాపు ఎప్పుడూ రారు.

మేస్త్రిగారు వచ్చారు. నాలుగున్నరకి రమ్మంటే నాలుగింటికే వచ్చి వేపచెట్టు కింద నిలబడ్డారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని. ముగ్గురం ఖాళీ క్లాసులో కూర్చున్నాం. పిల్ల చేత నోట్సు చివరి పేజీలో నిలువుగా ఒక గీత గీయించాను, ఎడమ వైపు ఇంట్లో అనే మాట, కుడి వైపు పరీక్షలో రాసే మాట. ఏటి, ఏమిటి. నాను, నేను. ఎల్లిపోనాది, వెళ్లిపోయింది. జల్లీసి, చల్లేసి. పిల్ల గబగబా రాసేస్తోంది, రెండు వైపులా తెలుసు దానికి, ఇంతవరకూ ఎవరూ అడగలేదంతే. కాసేపటికి ఆయన మెల్లగా, "మేడమ్, రసమట్టం అంటాం కదా గోడ సూసుకునేది, అది ఏ పక్కకొత్తాది?" అన్నారు. అది రెండు పక్కలకీ వస్తుంది, అచ్చంగా అలాగే రాయొచ్చు అన్నాను. ఆయన ముఖం చూడాలి ఆ క్షణం. ఆ మాట ఆయనే రాశారు, పిల్ల చేతిలోంచి పెన్ను తీసుకుని, రెండు గడుల్లోనూ, ఒక్కో అక్షరం ఆగి ఆగి.

ఆఖర్న పిల్ల ఎడమ వైపు "ఓలమ్మో" అని రాసి, కుడి వైపు ఏం రాయాలి మేడమ్ అని అడిగింది. నేను ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశారు. మొన్న నోట్సులు దిద్దుతుంటే ఆ పేజీ మళ్లీ కనిపించింది, ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది.