సెంటీమీటరు లెక్క

మొన్న రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు. వదినకి ఊపిరితిత్తుల క్యాన్సర్, మూడో దశ. ఆపరేషన్‌కి ముందే కీమో, ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే మందు) కలిపి మూడు సైకిళ్లు ఇచ్చారు. కొత్త స్కాన్‌లో గడ్డ ఆరు సెంటీమీటర్ల నుంచి ఐదుకి తగ్గిందట. "ఇంత నరకం పడ్డాక ఒక్క సెంటీమీటరేనా బుజ్జీ?" అన్నాడు. ఆ తర్వాత మాట రాలేదు వాడికి.

నేను పాథాలజిస్టుని. అలా కోసి తీసిన ఊపిరితిత్తులు నా బల్ల మీదికే వస్తాయి. స్కాన్‌లో కనబడే గడ్డంతా క్యాన్సర్ కాదని నాకు రోజూ తెలుస్తూనే ఉంటుంది. పలచగా ముక్కలు కోసి మైక్రోస్కోపు కింద పెడితే చచ్చిపోయిన కణాలు, వాటిని మింగి ఉబ్బిన తెల్లటి నురుగు కణాలు, మచ్చ కట్టిన కణజాలం. బతికున్న క్యాన్సర్ కణం కోసం స్లైడు వెంట స్లైడు వెతుకుతాను. పది శాతం మించకపోతే మేజర్ రెస్పాన్స్ అని రాస్తాం. గడ్డలోనూ, తీసిన లింఫ్ గ్రంథుల్లోనూ ఒక్కటీ దొరక్కపోతే కంప్లీట్ రెస్పాన్స్. 2022లో ఫలితాలు ప్రచురించిన చెక్‌మేట్ 816 ట్రయల్‌లో కీమో ఒక్కటే తీసుకున్నవాళ్లలో అది 2.2 శాతం మందికే వచ్చింది. దానికి నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు కలిపినవాళ్లలో 24 శాతం మందికి.

వదిన సిగరెట్ ముట్టలేదు కాబట్టి ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే అనే జన్యువుల్లో మార్పులున్నాయేమోనని పరీక్షలు ముందే చేయించారు. రెండూ లేవు. ఉన్నట్టయితే దారే వేరు.

అన్నయ్య అడగాల్సింది గ్రంథుల గురించి. ఛాతీ మధ్యలో, శ్వాసనాళాన్ని అంటిపెట్టుకుని ఉండేవి. వదినకి వాటిలోనూ పాకింది. 2009లో ప్రచురించిన ఒక పెద్ద ట్రయల్‌లో కీమో, రేడియేషన్ అయ్యాక ఆపరేషన్‌లో గ్రంథులన్నీ శుభ్రంగా తేలినవాళ్లలో ఐదేళ్లకి 41 శాతం మంది బతికున్నారు. వాటిలో క్యాన్సర్ మిగిలినవాళ్లలో 24 శాతమే. ఇమ్యునోథెరపీ రాకముందు లెక్క అది. ఈ మందులతో గ్రంథులు రోగనిరోధక కణాలతో ఉబ్బి, పెట్ స్కాన్‌లో క్యాన్సర్‌లాగే వెలిగిపోవచ్చు కూడా. అంచేత వెలిగిందని గుండె జారిపోకుండా, సూదితో ముక్క తీసి చూశారా అని అడగమన్నాను.

అదే ట్రయల్‌లో ఇంకో సంగతి నన్ను ఇప్పటికీ వదలదు. ఊపిరితిత్తిలో ఒక లోబ్, అంటే ఒక భాగం, మాత్రమే తీసిన 98 మందిలో ఆపరేషన్ వల్ల పోయింది ఒక్కరు. ఒక పక్క ఊపిరితిత్తి మొత్తం తీసిన 54 మందిలో 14 మంది. అందుకే వదినకి ఎంత మేర తీస్తారో ముందే అడగమని రెండుసార్లు చెప్పాను. లోబ్‌తో సరిపోతుందనే అనుకుంటున్నారట. కోసిన అంచున క్యాన్సర్ మిగలకుండా వస్తేనే అది మేలు. ఆ అంచుకి సిరా పూసి చూసేది మేమే.

వదిన ఐదు కిలోలు తగ్గింది. అది నాకు సెంటీమీటరు కన్నా ఎక్కువ బెంగ. ఆకలి లేకపోయినా గంటగంటకీ కాస్త తింటోందట, రోజూ నడుస్తోందట, మూడు బంతుల గొట్టంలో ఊపిరి లాగుతోందట. నిన్న మూడో బంతి పైకి లేచిందని తనే మెసేజ్ పెట్టింది.

ఆపరేషన్ గురువారం. ఆ స్లైడ్లు నేను చూడను, వేరే చోట వేరే వాళ్లు చూస్తారు. గ్రంథులన్నీ ఒకే డబ్బాలో వేయకుండా, ఏ చోటివి ఆ చోటివిగా పేరు రాసి పంపమని సర్జన్‌కి చెప్పమన్నాను. అన్నయ్య కాగితం మీద రాసుకున్నాడు.